ఖరీదు పెట్రోలూ, సైకిల్ ట్యూబు ముక్కా

బండి మొరాయిస్తే ముందు దానికి పోసే పెట్రోలునే అనుమానించడం మనవాళ్లకు ఎప్పటినుంచి అలవాటైందో నాకు తెలియదు. మా రోజుల్లో ముందు బండిని చూసేవాళ్లం. ఇప్పుడు బంకులో రెండు రకాలు పెట్టేసరికి మెకానిక్కులు బండి విప్పడమే మానేశారు.

నేను బడికి పోలేదు. లారీ మీద క్లీనరుగా ఎక్కి, డీజిల్ పీపాల మీద రాసిన అక్షరాలను డ్రైవరుతో చెప్పించుకుని చదవడం నేర్చుకున్నాను. తర్వాత బొగ్గు గనుల వర్క్‌షాపులో రిటైరయ్యేదాకా ఇంజిన్లు విప్పాను, బిగించాను. అందుకే ఇంజిన్ సంగతి ఎవరైనా నోటికొచ్చినట్టు చెబితే ఒళ్లు మండుతుంది. మొన్నటి వానాకాలమంతా మండుతూనే ఉంది.

అశ్వారావుపేట దాటి, పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యేచోట మా ఊరు. మా తమ్ముడి మనవరాలు మా ఇంట్లోనే ఉండి నర్సుగా పనిచేస్తుంది. ఆమె చూసే ఊళ్లలో మూడు గూడేలు వాగు అవతల ఉన్నాయి. టీకాల రోజున మందులను ఐసు పెట్టెలో సర్దుకుని స్కూటీ మీద పోవాలి. ఐసు కరిగితే ఆ మందు పిల్లలకు వేయకూడదు, వెనక్కి తేవాల్సిందే.

వానలు పడ్డ కొద్ది రోజులకే ఆ స్కూటీ తిప్పలు పెట్టడం మొదలుపెట్టింది. ఇంటి దగ్గర ఒక్క కిక్కుకే లేచేది. పది పన్నెండు కిలోమీటర్లు పోయాక దగ్గుతూ దగ్గుతూ సరిగ్గా అడవి నడుమ ఆగిపోయేది. బస్టాండు దగ్గరి మెకానిక్ సీటు కూడా ఎత్తకుండానే తీర్పు చెప్పాడు.

"మామూలు పెట్రోల్ పోస్తే గిట్లనే ఐతది చెల్లె. ఆ ఖరీదుది పోయించు, గుర్రం లెక్క ఉరుకుతది."

ఆ ఖరీదుది మా దగ్గరి బంకులో దొరకదు. ఖమ్మం పోయే రోడ్డు మీది పెద్ద బంకులో ఉంటుంది. అంటే గూడెం ఒక దిక్కు, పెట్రోలు ఒక దిక్కు. పిల్ల పొద్దున్నే అటు పోయి ట్యాంకు నింపించుకుని, సీసాలో మరికాస్త పోయించుకుని, మళ్లీ ఇటు తిరిగి అడవిలోకి పోయేది. అయినా బండి ఆగేది. సీసాలోది పోస్తే మళ్లీ కదిలేది. ఆమె చేరేసరికి మధ్యాహ్నమయ్యేది. తల్లులు పొద్దంతా ఎదురుచూసి, పిల్లల్ని చంకనేసుకుని నాట్లకు పోయేవారు. టీకాలు సగం వెనక్కి వచ్చేవి. ఒక రోజు ఒక తల్లి నవ్వుతూనే, "సిస్టరమ్మా, మేం గంజి తాగి గుట్టెక్కుతం. నీ బండికి ఏం తాగిపియ్యాలె?" అని అడిగిందట. ఆ మాట చెబుతుంటే పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాకు కోపం ఆగలేదు. బండితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం తీశాను. భూతద్దం ఒక చేత, నిఘంటువు ఒక చేత పట్టుకుని చదివాను. ఈ బండికి మామూలు పెట్రోలు చాలునని అచ్చులో ఉంది. నాకు తెలిసిందీ అదే. ఖరీదు పెట్రోలులో బలం ఎక్కువేమీ ఉండదు. ఇంజిన్ తన లోపలి పెట్రోలు ఆవిరిని గట్టిగా అదిమినప్పుడు ముందే తొందరపడి పేలకుండా ఓర్చుకునే గుణం ఎక్కువ. అంతగా అదిమే ఇంజిన్లు కొన్ని ఉన్నాయి, వాటికి అది పోయాల్సిందే, కాదనను. ఈ చిన్న స్కూటీకి దానితో పనేముంది? పెద్ద బంకుకు పోయి అక్కడి మనిషిని అడిగాను. అందరూ అదే పోయించుకుంటున్నారన్నాడు. మిర్చికి కొట్టే టానిక్కులు అమ్మేవాళ్లూ ఇదే మాట చెప్పేవారు, పక్క చేనాయన కొట్టాడు కాబట్టి నువ్వూ కొట్టాలని. మా లారీ యజమాని కూడా ఎవడో చెప్పాడని డీజిల్‌లో ఎర్రటి మందేదో కలిపించేవాడు. లారీ ఏమీ మారలేదు. అమ్మినవాడు మాత్రం బాగుపడ్డాడు.

ఇదంతా ఇంట్లో గట్టిగా చెప్పాను. పిల్ల శాంతంగా విని ఒకే ఒక్క మాట అడిగింది.

"మరి అది పోయంగనే ఎందుకు స్టార్టయితాంది తాతా?"

నేను మళ్లీ పుస్తకం తిరగేశాను. ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసి చూపించింది. ఆ మూడు గూడేలూ తన వల్ల కావనీ, వేరే ఎవరికైనా ఇవ్వమనీ పై వాళ్లకు రాసిన అర్జీ. వేరే ఎవరూ లేరు. పక్క నర్సు పోస్టు ఖాళీ. ఆ కాగితం ఇస్తే ఇక ఆ వాగు దాటేవాళ్లు ఉండరు. ఒక్క పర్యాయం ఆగమని బతిమాలుకున్నాను. ఈసారి పెద్ద బంకుకు పోవద్దు, నేను వెనక కూర్చుంటాను అన్నాను.

టీకాల రోజున ఐసు పెట్టె ఒళ్లో పెట్టుకుని ఎక్కాను. ట్యాంకు నిండా మామూలు పెట్రోలే. ఎందుకైనా మంచిదని ఆమె ఖరీదు పెట్రోలు సీసా వెంట తెచ్చుకుంది. వాగు ఇంకా కాస్త దూరం ఉందనగా బండి దగ్గి ఆగింది. పిల్ల దిగి నా వైపు చూసింది. సీసా పట్టుకుని సీటెత్తి, ట్యాంకు మూత తిప్పింది. ఉస్సుమని చప్పుడైంది.

ఆ చప్పుడు నాకు తెలుసు. పీపాల దగ్గర నా చిన్నతనమంతా విన్నదే.

"పొయ్యకు బిడ్డా. ఊకే మూత పెట్టి కొట్టు."

"ఐసు కరుగుతది తాతా."

"ఒక్కసారి కొట్టు."

రెండో కిక్కుకు లేచింది. చుక్క పోయలేదు. పిల్ల చేతిలోని సీసా వైపు, బండి వైపు మార్చి మార్చి చూసింది.

నూనె డబ్బాకు ఒక్క బొక్క పెడితే నూనె గునిసి గునిసి ఆగిపోతుంది. గాలి పోవడానికి రెండోది పెట్టాలి. ప్రతి ఇంట్లో ఆడవాళ్లకు తెలిసిన సంగతి. ట్యాంకు మూతకూ అందుకే సన్నటి బొక్క ఉంటుంది. అది మూసుకుపోతే పెట్రోలు కిందికి దిగదు. మూత తీసిన ప్రతిసారీ లోపలికి గాలి పోయింది, బండి కదిలింది. పేరు మాత్రం సీసాలోని పెట్రోలుకు వచ్చింది.

బొక్క ఎలా మూసుకుపోయిందా అని వంగి చూశాను. మూత మీద గుండ్రంగా కత్తిరించి అతికించిన సైకిల్ ట్యూబు ముక్క. దాన్ని అతికించింది నేనే. సీటు కింద వాననీళ్లు నిలుస్తున్నాయని, ట్యాంకులోకి దిగుతాయని, వానలు పడగానే పంక్చరు సొల్యూషన్ పూసి గట్టిగా అంటించి, ఇక వాగులో ముంచినా చుక్క దిగదని గొప్పగా చెప్పాను కూడా.

తాళంచెవితో గీకి ఆ ముక్కను పీకేశాను. దాచి లాభం లేదు, చెప్పేశాను.

"రెండు నెలల సంది నన్ను గోస పెట్టింది నువ్వా తాతా?"

"అవ్ బిడ్డా."

సీసాను సంచిలో కుక్కింది. "ఎక్కు జల్దీ," అంది.

గూడెం చేరేసరికి ఐసు ఇంకా గట్టిగానే ఉంది, పెట్టెలో గలగలలాడింది. తల్లులు ఇంకా నాట్లకు పోలేదు. ఆ రోజు ఎగతాళి చేసిన తల్లే ముందు నిలబడి, ఇవాళ ఏం తాగొచ్చింది నీ బండి అని అడిగింది. "గాలి తాగింది అక్కా," అని పిల్ల ఆమె బిడ్డ తొడకు సూది వేసింది. ఆ రోజు మందు వెనక్కి రాలేదు.

మర్నాడు ఆ ట్యూబు ముక్క పట్టుకుని మెకానిక్ దగ్గరికి పోయాను. తప్పు నాదేనని నలుగురి ముందూ ఒప్పుకున్నాను. కానీ రెండు నెలల్లో ఒక్కసారైనా సీటెత్తి చూశావా అని నిలదీశాను. వాడు స్పానర్ తుడుచుకుంటూ, "నువ్వు గూడ మెకానిక్కువే గద తాతా, ఇంట్లున్న బండి నువ్వెందుకు చూడకపోతివి?" అన్నాడు. వాడి మాట నిజమే. అయినా నా కోపం తగ్గలేదు. నేను చూడకపోవడం నా తప్పు. చూడకుండానే ఒక ఆడపిల్లను అడవి దారిలో అటూ ఇటూ తిప్పడం వాడి తప్పు. ఒకటి చూపించి ఇంకొకటి కొట్టేస్తానంటే నేను ఒప్పుకోను.

పిల్ల ఆ అర్జీ ఇవ్వలేదు. ఆ కాగితం మడతపెట్టి ఐసు పెట్టె అడుగున వేసింది, చెమ్మకు అక్షరాలు అలుక్కుపోయాయి. ఇప్పుడు గూడెం కొట్టులో సీసాల్లో అమ్మే మామూలు పెట్రోలే పోసుకుంటోంది. కానీ టీకాల రోజున బయల్దేరే ముందు సీటెత్తి, ట్యాంకు మూత మీద వేలు పెట్టి ఒకసారి తడుముతుంది. తర్వాత నా వైపు చూస్తుంది. నేను పేపరు అడ్డం పెట్టుకుంటాను.