చర్చి గుమ్మం దాకా ఒక టోపీ

మందు ఎక్కించడం మొదలయ్యాక మా వారి జుట్టు ముందు దువ్వెనకు వచ్చింది, తర్వాత దిండుకు అంటుకుంది, ఆ తర్వాత దువ్వెనతో పనే లేకుండా పోయింది. అప్పటి నుంచి ఆయన గేటు దాటడం మానేశారు. అమలాపురంలో సగం ఊరికి లెక్కలు చెప్పిన మాస్టారు! ఆసుపత్రికి వెళ్ళాలంటే కారు లోపలి దాకా రావాలి. చర్చికైతే అసలు రానన్నారు. చర్చే మానేసిన మనిషి రేపు మందు మానేస్తానంటే ఏం చెయ్యాలని నా భయం. అడిగే ధైర్యం లేదు.

తువ్వాలు చుట్టుకోమన్నాను. "జ్వరమొచ్చిందనుకుంటారే" అన్నారు. ఆటగాళ్ళు పెట్టుకునే టోపీ కొన్నాను. "ఈ వయసులోనా?" అని పక్కన పడేశారు. ఒక మధ్యాహ్నం ఆయనే ఫోను నా ముందు పెట్టారు. పాతకాలపు ఫెడోరా టోపీ, దొరల టోపీలా చుట్టూ అంచు, పైన సొట్ట, ఉన్నితో చేసినది, చుట్టూ నల్ల రిబ్బను. "మా తాతగారి ఫోటోలో ఉన్నదానిలాంటిదే, చూడు" అన్నారు. మిషను బడిలో మాస్టారుగా చేసిన ఆ తాతగారు మా హాల్లో గోడమీద ఉంటారు, టోపీ ఒళ్ళో పెట్టుకుని.

వెంటనే ఆర్డరు పెట్టేశాను. పెట్టాక దిగులు పట్టుకుంది. వింటేజ్ అని రాశారంటే ఎవరో వాడి వదిలేసిందే కదా. ఆ మనిషి ఉన్నాడో పోయాడో? పోయినవాడిదైతే, ఒంట్లో బాగోలేని మనిషి తలమీద పెట్టనా? ఈ మాట ఆయనతో అనలేదు. పార్శిలు విప్పి ముందు లోపలి తోలుపట్టీని డెట్టాలు గుడ్డతో తుడిచాను.

టోపీ ఆయనకు సరిగ్గా సరిపోయింది. అద్దం ముందు అటూ ఇటూ తిరిగారు. "సంస్కారం ఆదివారానికి చర్చికి వస్తానే" అన్నారు. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారమది. ఎన్నాళ్ళకో కడుపునిండా అన్నం తిన్నాను.

కానీ టోపీకి ముక్కిన వాసన పోలేదు, ముసురుకి అంచు కింద బూజు కనిపించింది. మా కోనసీమలో చెమ్మ తగిలిన ప్రతిదానికీ మందు ఒకటే, ఎండ. తెరిపి ఇవ్వగానే డాబా మీద కొబ్బరి చిప్పల పక్కన టోపీని కూడా ఆరబెట్టాను. సాయంత్రం తీస్తే తోలుపట్టీ ముడుచుకుపోయింది, ఉన్ని బిగుసుకుపోయింది. ఆయన పెట్టుకుంటే చెంబు బోర్లించినట్టు నెత్తిమీదే నిలబడింది. "పర్లేదులే" అని బల్లమీద పెట్టి, వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నారు. తిట్టినా బాగుండేది.

వీడియోలు చూశాను. ఇలాంటి టోపీని ఎండలో పెట్టకూడదట. పైన సొట్ట దగ్గర వేళ్ళతో పట్టుకోకూడదట, అక్కడే చిరుగుతుందట. బిగుసుకుపోతే ఆవిరి పట్టి, తలంత కొయ్యదిమ్మకు తొడగాలట. నాకు కొయ్యదిమ్మ ఎక్కడిది? ఆయన కునుకు తీస్తుండగా తల చుట్టూ దారం పెట్టి కొలిచాను. జుట్టు పోయాక ఆ తలను ముట్టుకోవడం అదే మొదటిసారి. పసిపిల్లల మాడులా వెచ్చగా ఉంది. దారం పట్టుకుని పెరట్లోకి పోయి ఏడ్చాను.

అక్కడున్న కొబ్బరికాయల రాశిలో, పీచు డొక్క ఒలవని కాయలకు ఒక్కోదానికీ దారం చుట్టి చూశాను. కొలతకు దగ్గరగా ఉన్నదానికి పాత చీర గుడ్డ చుట్టి, ఇడ్లీ కుక్కరు ఆవిరికి టోపీని మెత్తబరిచి, కొద్దికొద్దిగా లాగి తొడిగాను. ఆదివారం దాకా వంటింట్లో కొబ్బరికాయ టోపీ పెట్టుకుని కూర్చుంది. పోతూ వస్తూ తడిమి చూసేదాన్ని. చిరిగితే, అంతే.

ఆదివారం పొద్దున టోపీ తలకు దిగింది. కాస్త బిగువే, కానీ దిగింది. ఆయన కారు వద్దన్నారు. నడిచే వెళ్ళాం. ఎదురైన వాళ్ళు "నమస్కారమండీ మాస్టారూ, బాగున్నారాండీ?" అంటే "ఆయ్, బాగున్నానండీ" అన్నారు. ఎవరి చూపు ఎక్కడ ఆగుతోందోనని నేను బిక్కుబిక్కుమంటూ పక్కనే నడిచాను.

చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, తలమీద ముసుగు వేసుకోబోతూ చెంగు పట్టుకుని ఆగిపోయాను. ఆడవాళ్ళం ముసుగు వేసుకోవాలి, మగవాళ్ళు తలమీద ఏమీ ఉంచుకోకూడదు. పుట్టిన దగ్గర్నుంచి ఈ చర్చికి వస్తున్నదాన్ని, ఇన్నాళ్ళూ టోపీ ధ్యాసలో పడి ఆ మాటే తట్టలేదు.

"ఏవండీ, టోపీ..." అన్నాను. "వెళ్ళిపోదామాండీ?"

ఆయన టోపీ తీసి నా చేతిలో పెట్టారు. "లోపల తియ్యాలని నాకు తెలీదనుకున్నావా ఏంటే? నా భయమంతా రోడ్డు మీదే. ఇక్కడి దాకా వచ్చేశాంగా."

ప్రార్థన వేళ ఆయన ముందుకు వెళ్ళి మోకరించారు. పాస్టరుగారు ఆ ఉత్త తలమీద రెండు చేతులూ ఉంచారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేకపోయాను. ఆ చేతులు ఇంకాసేపు అక్కడే ఉంటే బాగుండునని చూస్తూ, ఒళ్ళో టోపీని పట్టుకోకూడని చోటే గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.