పో... లే...

తొమ్మిదో తరగతిలో మా తెలుగు సారు నన్ను క్లాసు బయటికి పొమ్మన్నాడు. నేను పెద్దల మాట జవదాటని మనిషిని కాబట్టి మళ్ళీ లోపలికి రాలేదు. బడిలో నేను నేర్చుకున్న క్రమశిక్షణ అంతే.

నవ్వారా? నవ్వండి. ఎదుటివాళ్ళు నవ్వకపోతే నాకు మాట సాగదు. అది నా జబ్బు. ఆ జబ్బుతో చేసిన ఒక పని గురించే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. ఏళ్ళ తరబడి అది నా ఛాతీ మీద కూర్చుని ఉంది. కొన్నాళ్ళు ఉన్నట్టే తెలియదు. తర్వాత ఎప్పుడో, ఖతర్‌లో మా లేబర్ క్యాంపులో పక్క మంచం మీద ఎవడో ఫోన్‌లో "ఆడు పోయిండు" అంటాడు. మామూలుగానే. డ్యూటీకి పోయిండనో, బజారుకు పోయిండనో. నా చేతిలో ముద్ద నోటిదాకా రాకుండా ఆగిపోతుంది.

మాది నిజామాబాద్ దిక్కు. ఖతర్‌లో ఆయిలూ గ్యాసూ పొంగుతున్న రోజుల్లో వచ్చాను. ఇవాళ ఒట్టి ఇసుకగా ఉన్నచోట మళ్ళీ చూసేసరికి క్రేన్లు లేచి ఉండేవి. మొదట సైట్‌లో ఇనుము మోశాను. లైసెన్సు వచ్చాక కంపెనీ డ్రైవర్నయ్యాను. అల్ ఖోర్‌లో ఉండే ఇన్నారెడ్డి సార్‌ని పొద్దున ప్లాంటులో దింపడం, సాయంత్రం ఇల్లు చేర్చడం నా డ్యూటీ.

సార్‌వాళ్ళు గుంటూరు వైపు కేథలిక్కులు. ఆయన భార్య లూర్దమ్మ గారు. ఒక్కడే కొడుకు జోజి, దోహాలో ఇంజనీరింగ్ చదివేవాడు. అక్కడ శుక్రవారం సెలవు. ఆ రోజు ముగ్గురినీ అబూ హమూర్ దగ్గర చర్చికి తీసుకెళ్ళేవాణ్ణి. వాళ్ళు చర్చిని గుడి అంటారు, ప్రార్థనని పూజ అంటారు. అది నాకేం తెలుసు? మొదటి వారం లూర్దమ్మ గారు "గుడికి పోనివ్వు బాబూ, పూజకి ఆలస్యమవుతోంది" అంటే, నేను బండి పక్కకి ఆపి, "అమ్మా, ఈ దేశంల ఇప్పుడు కొబ్బరికాయ యాడ తేవాలె?" అన్నాను. జోజి వెనక సీట్లో పడి పడి నవ్వాడు. సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ రోజు నుంచి నేను ఆ ఇంటి మనిషినయ్యాను. జోజి నన్ను అన్నా అనేవాడు.

ఇంకో మాట కూడా ఉండేది మా మధ్య. దాన్నిక్కడే చెప్పాలి, లేకపోతే తర్వాతది మీకు అర్థం కాదు.

ఒకసారి ఏసీ బాగుచేయడానికి మలయాళీ మెకానిక్ వచ్చాడు. కాసేపటికి లూర్దమ్మ గారు వచ్చి అతనేడీ అని అడిగితే, "ఆయన పోయిండమ్మా" అన్నాను.

ఆమె గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "అయ్యో దేవా! ఎప్పుడు? ఇందాకే టీ ఇచ్చానే!"

"ఇప్పుడే అమ్మా. వ్యాన్ల పోయిండు."

అర్థమయ్యాక ఆమె నవ్వలేక, తిట్టలేక గోడకి ఆనుకున్నారు. "మా వైపు మనిషి పోయాడంటే చనిపోయాడని అర్థమయ్యా. వెళ్ళాడు అను. నీకు దణ్ణం పెడతాను, నా ఇంట్లోవాళ్ళ పేర్ల పక్కన మాత్రం ఆ మాట అనకు."

"సరే అమ్మా. మీ ఇంట్ల ఎవ్వరు పోరు. అందరు వెళ్తరు."

ఇప్పుడు నేను వెళ్ళాడు, వచ్చాడు అని రాస్తున్నానే, ఇది బడిలో అబ్బింది కాదు. ఆ ఇంట్లో, ఆమె దగ్గర అబ్బింది. ఆమెకిచ్చిన మాట చాలాకాలం నిలబెట్టుకున్నాను. వాళ్ళ గురించి చెప్పేటప్పుడు నాలుక కొరుక్కుని మరీ "వెళ్ళిండు" అనేవాణ్ణి. సగం మీది, సగం నాది అని నవ్వించేవాణ్ణి.

తర్వాత జోజికి ఒక సెమిస్టర్ ఇటలీలో చదివే అవకాశం వచ్చింది. సార్ ఒకే షరతు పెట్టారు. ఏ ఊరు తిరిగినా సరే, ఆదివారం పూజ తప్పకూడదు. శనివారం ఊరు చేరగానే ఫోన్ చేయాలి. జోజి అలాగే చేసేవాడు. రోమ్ అనీ, అస్సీసి అనీ, పాడువా అనీ. అక్కడి గుళ్ళ గురించి తండ్రికి చెప్పేవాడు. అదే ఊళ్ళలో తిన్నవీ తాగినవీ, ఎక్కిన రైళ్ళూ, మాట కలిపిన అమ్మాయిలూ నా ఫోన్‌కి వచ్చేవి. నేను సోమవారానికల్లా క్యాంపులో వాటికి ఇంకాస్త మసాలా కలిపి చెప్పేవాణ్ణి. యూరప్ మొత్తం తిరిగొచ్చిన మొహం పెట్టేవాణ్ణి.

సెమిస్టర్ ముగిసేలోపు ఫ్రాన్స్‌లో ఉన్న లూర్దు మాత గుడికి వెళ్ళమని తల్లి అడిగింది. ఆమెది ఆ ఊరి పేరే. అక్కడి ఊట నీళ్ళు రోగాలు తగ్గిస్తాయట, ఒక సీసాలో పట్టి తెమ్మంది. సార్‌కి బీపీ ఎక్కువ. ఆయన కోసమే ఆ నీళ్ళు. ఆయనకి బీపీ ఉందని నాకు తెలుసు. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోవాలి. నాకు తెలుసు.

ఆ శుక్రవారం జోజి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, లూర్దు వచ్చే వారం వెళ్తాను. ఫ్రెండ్స్ అందరూ బీచ్‌కి వెళ్తున్నారు, నేనూ వెళ్తున్నా. నాన్నకి అబద్ధం చెప్పలేను, అందుకే ఫోన్ ఆపేస్తున్నా. అడిగితే నువ్వే ఏదో ఒకటి చెప్పి నవ్వించెయ్యి."

నవ్వించెయ్యి. పిల్లవాడు నా మీద పెట్టిన పని అది.

శనివారం ఫోన్ రాలేదు. ఆదివారం మాకు డ్యూటీ రోజు. పొద్దున అల్ ఖోర్ మీద పొగమంచు దిగింది. అలాంటి మంచులో రోడ్డు కనపడదు. దూరంగా ప్లాంటులో మండే గ్యాస్ మంట మాత్రం ఆకాశానికి పుండు పడ్డట్టు ఎర్రగా కనపడుతుంది. మేం దానివైపే నెమ్మదిగా వెళ్తున్నాం. సార్ ముందు సీట్లో కూర్చున్నారు. ఫోన్ నొక్కుతున్నారు, చెవి దగ్గర పెట్టుకుంటున్నారు, దించుతున్నారు. మళ్ళీ నొక్కుతున్నారు. మెడ మీద చెమట. ఏసీ నడుస్తోంది.

"జోజి నీకేమన్నా ఫోన్ చేశాడా?" అని అడిగారు.

నేను మొహం దిగాలుగా పెట్టాను. "జోజి బాబు పోయిండు సార్" అన్నాను. అని ఆగాను.

తర్వాతి ముక్క నాలుక మీదే ఉంది. "లూర్దుకు సార్, కొండలల్ల సిగ్నల్ దొరకదు." ఆయన ఒక్క క్షణం బెదిరి, తర్వాత నా భుజం మీద ఒకటేసి నవ్వాలి. ఏ జోకులోనైనా ఆ ఆగడమే అసలు పనితనం. ఎంతసేపు ఆగాలో తెలిసినవాడే హాస్యగాడు. ఆ రోజు నేను ఎక్కువసేపు ఆగాను.

లేదు. ఇక్కడ ఒకటి దిద్దాలి. రాయడం మొదలుపెట్టిందే దీనికోసం. దీన్ని కూడా దాటేస్తే ఇదంతా దండగ.

నేను "పోయిండు" అనలేదు.

ఇన్నేళ్ళూ నాకు నేను అలాగే చెప్పుకున్నాను. మా ఊరి మాట, అలవాటుగా నోట్లోంచి జారింది, ఆయనే తప్పుగా అర్థం చేసుకున్నారు, నేనేం చేయను అని. కానీ సార్‌కి నా పోయిండు ఎప్పుడో అలవాటైపోయింది. దానికి ఆయన బెదరరు. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే, జోకు పండాలని, వాళ్ళ యాసలో, వాళ్ళు చావుకి వాడే మాట ఎలా పలుకుతారో అలాగే పలికాను. "జోజి పోయాడు సార్" అన్నాను. తెలిసి అన్నాను. బాగా అనుకరించాను కూడా.

సార్ నావైపు తిరిగారు. చెయ్యి లేచి డ్యాష్‌బోర్డు మీద పడింది. నోరు ఒక పక్కకి జారింది. "లూర్దుకు సార్! లూర్దుకు!" అని నేను అరుస్తూనే ఉన్నాను. ఆ ముక్క ఆయనకి చేరిందో లేదో ఈ రోజుకీ తెలియదు. మంచులో బండి వెనక్కి తిప్పాను. ఎర్రటి మంట అద్దంలోకి వచ్చింది. ఆసుపత్రి దాకా అది అద్దంలోనే ఉన్నట్టు అనిపించింది.

లూర్దమ్మ గారు జపమాల చేత్తో పట్టుకుని వచ్చారు. "ఏమైందయ్యా? పడిపోయేముందు ఏమన్నారు?"

చెప్పడానికి నోరు తెరిచాను. దేవుడి మీద ఒట్టు, తెరిచాను. బయటికి వచ్చింది మాత్రం వేరే. "బాబు ఫోన్ కలుస్తలేదని మస్తు టెన్షన్ పడ్డరమ్మా. అట్లనే ఒరిగిపోయిండ్రు."

అందులో ఏది అబద్ధం? ఫోన్ కలవలేదు. టెన్షన్ పడ్డారు. ఒరిగిపోయారు. ఒక్క మాట మధ్యలోంచి తీసేశాను, అంతే. ఆ ఒక్క మాట తీసేస్తే తప్పు మొత్తం, ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న పిల్లవాడి మీదికి వెళ్ళి కూర్చుంది. ఎందుకు అలా అన్నాను? వీసా పోతుందని, ఇంటికి పంపిస్తారని భయం. నిజమే. కానీ దాని కింద ఇంకొకటి ఉంది. ఆ ఇంట్లోవాళ్ళు ఇక నన్ను చూసి నవ్వరేమోనని. దానికే ఎక్కువ భయపడ్డాను.

సార్‌కి ప్రాణం దక్కింది కానీ పక్షవాతం వచ్చింది. జోజి వచ్చాడు. భుజానికి బ్యాగు, చెప్పుల్లో ఇంకా ఇసుక. లూర్దు నీళ్ళు లేవు. తల్లి ఆ చెప్పులవైపే చూసింది. వాడు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. సార్ కళ్ళు తెరిచారు. కొడుకుని చూడగానే ఆయన మొహమంతా వణికింది. కళ్ళవెంట ధారగా నీళ్ళు. నోరు కష్టపడి, కష్టపడి,

"పో..." అన్నారు. "పో... లే..."

జోజి చెయ్యి వదిలేశాడు.

"పో... లే... పో..."

వాడు స్టూలు మీంచి లేచాడు. తల్లి గోడవైపు తిరిగి, "విన్నావుగా. నీ మొహం చూపించకు ఆయనకి" అంది.

ఆ గదిలో ఉన్నవాళ్ళలో నాకొక్కడికే అర్థమైంది. ఆయన కొడుకుని లేచి పొమ్మనడం లేదు. పోలేదు అంటున్నారు. నా కొడుకు పోలేదు, బతికే ఉన్నాడు, ఇదిగో నా చెయ్యి పట్టుకున్నాడు అంటున్నారు. చివరి అక్షరం రావడం లేదు. ఆ ఒక్క "దు" నేను అందిస్తే చాలు. తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. సార్ కళ్ళు నావైపు తిరిగాయి. నేను నేల చూశాను.

మళ్ళీ ఇటలీకి బయల్దేరిన జోజిని ఎయిర్‌పోర్టులో దింపిందీ నేనే. దారిలో అడిగాడు.

"అన్నా, ఆ రోజు బండిలో నువ్వే కదా ఉన్నది. నాన్న నా గురించి ఏమన్నా అన్నారా?"

"కోపంగున్నడు బాబూ."

"చాలా?"

"మస్తు. కొన్ని దినాలు ఆయన కండ్ల ముందట ఉండకు. నా మాట ఇను."

విన్నాడు. ఎప్పుడూ నా మాట వినేవాడే. కొన్నాళ్ళు కాస్తా ఏళ్ళయ్యాయి. ఇంటికి రాకుండానే చదువు ఎలాగో ముగించి బెంగళూరులో ఉద్యోగంలో చేరాడు. సార్‌వాళ్ళు ఖతర్ వదిలి గుంటూరు వెళ్ళిపోయారు. నేను క్రిస్మస్‌కి ఫోన్ చేసేవాణ్ణి. చెబుదామనే చేసేవాణ్ణి. "సార్ ఎట్లున్నరమ్మా?" అంటే, "అదే మాటయ్యా. జోజి ఫొటో చూపిస్తే చాలు, పో, లే అంటూ ఏడుస్తారు. వాడి మీద ఇంకా అంత కోపం" అనేవారు. నేను ఏదో ఒక జోకు వేసేవాణ్ణి. ఆమె కొంచెం నవ్వేవారు. ఫోన్ పెట్టేసేవాణ్ణి. అలాంటి క్రిస్మస్‌లు ఎన్నో గడిపాను. అక్కడొక మనిషి ఒకే మాట పట్టుకుని ఏళ్ళ తరబడి నెట్టుకొస్తున్నాడు. కొడుకు బతికే ఉన్నాడని. ఆ మాట మొదలుపెట్టి ఇచ్చింది నేను. ముగింపు నా దగ్గరే ఉంది.

ఈ మధ్య సార్ కన్నుమూశారు. చూశారా, ఎంత జాగ్రత్తగా రాశానో. ఆ ఇంట్లోవాళ్ళ పేర్ల పక్కన ఆ మాట వాడనని అమ్మకి మాటిచ్చాను కదా.

దినం అయిపోయాక జోజికి ఫోన్ చేశాను. వేరే ఏమీ మాట్లాడలేదు. "బాబూ, నువ్వు మధ్యల ఆపకు" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. మంచు, ఆగడం, పోయాడు అనడం, తప్పంతా ఫోన్ మీదికి నెట్టేయడం. పో, లే అంటే ఏమిటో చెప్పాను. "అమ్మకు కూడా నేనే చెప్త" అన్నాను. ఎక్కడా నవ్వించలేదు. జీవితంలో మొదటిసారి ఒక మాట చెప్పి, దానికి అవతలివాడు నవ్వాలని కోరుకోలేదు. చెప్పడం అయ్యాక ఒంట్లోంచి ఏదో దిగినట్టు చేతులు తేలికయ్యాయి. అంత తేలికవడానికి నాకు హక్కుందా అంటే, లేదు. కానీ తేలికయ్యాయి. మీ దగ్గర అది దాచను.

అవతల జోజి ఊపిరి వినపడుతోంది. నేను ఆగాను. ఈసారి ఆగడం నా చేతిలో లేదు.

తర్వాత జోజి అన్నాడు. గొంతు పెంచలేదు, తిట్టలేదు.

"మా నాన్నకి అంటే, మాట పడిపోయింది. నీకేమైందన్నా?"