పీకేసే బేరింగుకి గ్రీజెందుకని

మా చుట్టాల్లో ఎవరింటికి వెళ్లినా మా బావ దొంగ మూలుగుల కథ వినిపిస్తుంది. మోకాలు మార్పిడి ఆపరేషన్‌కి ముందు వ్యాయామాలు చెయ్యమంటే, తలుపేసుకుని పడుకుని, చేస్తున్నట్టు మూలిగి మా అక్కని మోసం చేశాడని ఆ కథ. అందరితో పాటు నేనూ నవ్వేవాణ్ని. ఆ గదిలో నేను కూడా ఉన్నానని, అసలు ఆ ఆలోచన నాదేనని మాత్రం చాలా రోజులు బయటపెట్టలేదు.

బావ పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా ఇనుప నిచ్చెనలు ఎక్కీ దిగీ మోకాళ్లు అరగ్గొట్టుకున్నాడు. కుడిది మరీ పాడైపోయి, మల్కాపురంలో వాళ్లింటి నుంచి సందు చివరి టీ కొట్టుకి వెళ్లాలంటే మధ్యలో రెండిళ్ల అరుగుల మీద కూర్చుని లేవాల్సి వచ్చేది. ఆపరేషన్ తప్పదన్నాడు డాక్టరు. దానికి ముందు కొన్ని వారాలు తొడకి బలం వచ్చే వ్యాయామాలు చెయ్యాలని ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరుండి నేర్పింది. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి నొక్కాలి. కాలు వంచకుండా పైకెత్తి కాసేపు నిలపాలి. మడమని పరుపు మీద జరుపుతూ మోకాలు మడవాలి.

అక్క స్కూల్లో టీచరు. పొద్దున్నే వంట చేసి బడికి పరిగెత్తాలి. మొగుడి మాట మీద ఆవిడకి నమ్మకం తక్కువ, తమ్ముడి మాట మీద ఎక్కువ. నేను స్టీల్ ప్లాంటులో మెషీన్ల మెయింటెనెన్స్ చూస్తాను. నైట్ షిఫ్ట్ దిగి ఇంటికెళ్లే ముందు అటు వచ్చి బావ చేత కాలెత్తించమని నాకు అప్పగించింది.

మొదటి రోజు బావ నిజంగానే ఎత్తాడు. కాలు జానెడు లేచిందో లేదో, కళ్లలో నీళ్లు తిరిగాయి. క్రేన్ నిచ్చెన ఉడతలా ఎక్కిన మనిషి అలా పళ్లు బిగిస్తుంటే చూడలేకపోయాను. అక్కడే నా ఉద్యోగం నన్ను ముంచింది. మా దగ్గర ఒక అలవాటుంది. ప్లాంటు ఆపి రిపేర్లు చేసే షట్‌డౌన్‌లో వెయ్యాల్సిన కొత్త బేరింగు వచ్చేసిందంటే, పాతదాని మీద ఎవడూ గ్రీజు తగలెయ్యడు. మెషీన్ని వీలైనంత తక్కువ తిప్పి రోజులు నెట్టుకొస్తాం.

"ఎలాగూ పీకి పారేసే బేరింగుకి గ్రీజేటికి బావ?" అన్నాను. "అప్పటిదాకా కదపకుండా ఉంచితే సరి."

బావ తన మోకాలి వంక చూసుకున్నాడు. మా వైపు బావమరిదిని కూడా బావా అనే పిలుస్తారు. "ఈపాటి తెలివి ఆ డాక్టరుకి నేదేటి బావ?" అన్నాడు.

అయితే వంటింట్లో ఉన్న అక్క చెవికి ఏదో ఒకటి ఆనాలి కదా. తలుపు దగ్గరగా వేసి, నేను గోడకి ఆనుకుని గట్టిగా లెక్కపెట్టేవాణ్ని. బావ కాళ్లు చాపుకుని పేపరు చదువుతూ, నేను ఎత్తమన్నప్పుడల్లా మూలిగేవాడు. మొదట్లో ఆ మూలుగు పురిటినొప్పులకి సరిపోయేలా ఉండేది. తగ్గించమన్నాను. తర్వాత సినిమా పేజీ వచ్చేసరికి మూలగడమే మర్చిపోయేవాడు, ఆ పని కూడా నాకే పడేది. షిఫ్ట్ అలసటకి నేను లెక్క మధ్యలో కునికితే, బావ అందుకునేవాడు. ఒకసారి అక్క వంటింట్లోంచి, కాలెత్తే మనిషే లెక్కపెడుతున్నాడేమిటని అడిగింది. ఊపిరికి మంచిదని చెప్పాను.

అక్క మురిసిపోయింది. పులుసులో పెద్ద వంజరం ముక్కలు బావ కంచంలో పడేవి, మిగిలినవి నా క్యారేజీలోకి వచ్చేవి. ఆదివారం చర్చిలో ఆడవాళ్ల ప్రార్థన కూడికలో లేచి సాక్ష్యం కూడా చెప్పిందట. తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టని మనిషి చేత దేవుడు రోజూ కాలెత్తిస్తున్నాడని. అందరూ స్తోత్రం అన్నారట.

"బావా, ఇది దేవుడి దాకా ఎల్లిపోయింది" అని బావ కంగారుపడ్డాడు. ఆపరేషన్ అయిపోతే అన్నీ సర్దుకుంటాయని నేనే ధైర్యం చెప్పాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు ఫిజియో అమ్మాయి వచ్చి కాలెత్తమంది. బావ ముఖం ఎర్రబడింది, బొటనవేలు కదిలింది, కాలు మాత్రం పరుపుని వదల్లేదు. వాకరు పట్టించి నిలబెడితే తొడ గజగజ వణికింది. ముందు చెప్పిన వ్యాయామాలు చేశారా అని ఆ అమ్మాయి అడిగింది. రోజూ చేశారని, మా తమ్ముడే లెక్కపెట్టాడని అక్క నన్ను చూపించింది. కీలు కొత్తదైనా దాన్ని ఆడించే కండ పాతదేనని, ఆ కండ కోసమే అవన్నీ చెప్పామని ఆ అమ్మాయి అంది. బేరింగు గురించే ఆలోచించి మోటారు సంగతి మరిచానని నాకప్పుడు తెలిసింది. కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను.

బావే నోరు విప్పాడు. "నాను సెయ్యనేదు. ఊరికే మూలిగాను. ఆడికేటీ తెలీదు. ఆడు తలుపవతల నిలబడి లెక్కెట్టేవోడు."

నేను మందుల చీటీ తీసుకుని కిందికి దిగిపోయాను.

ఇంటికొచ్చాక అక్క సెలవు పెట్టింది. మంచం పక్కన కుర్చీ వేసుకుని తానే కాలెత్తించేది. నిజంగా లేచిందో లేదో చూడ్డానికి కింద చెయ్యి దూర్చేది. బావ నిజమైన నొప్పికి మూలిగినా నమ్మేది కాదు. ఈ మూలుగులు ఇదివరకు విన్నవేలే అనేది. అంతకుమించి అతనితో మాట్లాడేదీ కాదు. బావ ఇంకా వాకరు పట్టుకుని గుమ్మం దాకా వెళ్లడానికే ఆయాసపడుతుంటే, తనతో పాటే ఆపరేషన్ అయిన గోపాలపట్నం ఆయన కర్ర కూడా లేకుండా మార్కెట్‌కి వెళ్లొస్తున్నాడని కబురొచ్చింది.

ఒక ఆదివారం సాయంత్రం నేను వెళ్లేసరికి అక్క స్నానానికి వెళ్లింది. ఆ పొద్దున కూడికలో అక్క మళ్లీ లేచిందని, తనని చూడ్డానికొచ్చిన చర్చివాళ్లు అన్నారని బావ మెల్లగా చెప్పాడు. తను చెప్పిన సాక్ష్యం నిజం కాదని తేలిందని, దేవుడి ఇంట్లో తెలియక అబద్ధమాడానని, క్షమించమని అందరినీ అడిగిందట. బావ నన్నో మాట అనుంటే, నేనూ ఏదో అనేసి తప్పించుకునేవాణ్నే.

అక్క తల తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. ఎత్తమంది. బావ ఎత్తాడు.

"అక్కా, నాను తలుపవతల లేను" అన్నాను. "గదిలోనే ఉన్నాను."

బావ వద్దన్నట్టు కళ్లతో సైగ చేశాడు. నేను ఆగలేదు. బేరింగు సంగతి, పేపరు సంగతి, నేను మూలిగిన మూలుగులు, అన్నీ చెప్పేశాను. అక్క తువ్వాలు చేతిలో అలాగే పట్టుకుని వింటోంది. దించమనడం మర్చిపోయింది. బావ కాలు గాల్లోనే ఉంది, కొంచెం వణుకుతోంది గానీ పడిపోవడం లేదు.

"సెప్పేదేదో బేగి సెప్పేయ్ బావ" అన్నాడు పళ్ల మధ్య నుంచి.

"బావని దొంగని సేసింది నానే అక్కా. కూడికలో లేవాల్సింది నువ్వు కాదు, నాను. నాకు నోరు రాక నీ సేత సెప్పించాను. తప్పయిపోయింది. నువ్వూ క్షమించు, బావా నువ్వూ క్షమించు."