ఇంటి మనిషి సభ్యత్వం

తాడేపల్లిగూడెంలో మాది బెల్లం వ్యాపారం. మావారు కొట్టుకు వెళ్లాక నేను వంటింట్లో ఫోన్ నిలబెట్టుకుని వంటలు చేసి చూపిస్తుంటాను. చూసేవాళ్లు పెరిగాక, నెలనెలా కొంత కట్టేవారి కోసం రెండు సభ్యత్వాలు పెట్టాను. మామూలు సభ్యులకు వంటలు అందరికంటే ముందు చూపిస్తాను. రెండోదానికి 'ఇంటి మనిషి' అని పేరు పెట్టాను. వాళ్లతో ఆదివారం పొద్దున్నే లైవ్‌లో కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునేదాన్ని. "ఇది మీకు మాత్రమే చెబుతున్నానండీ" అంటే చాలు, ఆ వారం ఇంటి మనుషులు పెరిగేవారు. గుత్తొంకాయ కూరకు రానంత స్పందన నా మణికట్టు నొప్పికి వచ్చింది. అప్పటినుంచి ఆ నొప్పిని కాస్త శ్రద్ధగానే పోషించుకున్నాను.

ఆకివీడు దగ్గర చేపల చెరువులున్న పెద్దాయన ఒకరు ఇంటి మనిషిగా చేరారు. నా వంటల్లో నీచు ఉండదు. అయినా ఆయన ఒక్కటీ వదలకుండా "అద్భుతం చెల్లెమ్మా" అని రాసేవారు. నేను చేతులు జోడించిన బొమ్మ పంపేదాన్ని. అది అందరికీ పంపే బొమ్మే.

ఒక ఆదివారం భోజనాల వేళకు ఆయన, ఆయన భార్య మా గుమ్మంలో దిగారు. తలుపు తీసింది మావారు.

"ఎవరండీ?"

"ఇంటి మనుషులమండీ," అన్నారాయన చెప్పులు విడుస్తూ. "మీరు బావగారన్నమాట!"

నా పుట్టింటి తరఫు వాళ్లనుకుని మావారు కూర్చోబెట్టి మంచినీళ్లు తెమ్మని కేకేశారు. నేను వచ్చి, కామెంట్ల పక్కన ఫోటోలో చూసే ముఖమని గుర్తుపట్టి, చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఇల్లెలా తెలిసిందండీ?"

"మీ కిటికీలోంచి రైస్‌మిల్లు గొట్టం కనబడుద్ది కదమ్మా. దాన్నిబట్టి వచ్చేశాం. నొప్పెలా ఉంది?" అంటూ ఆయన సంచిలోంచి మణికట్టుకు కట్టుకునే పట్టీ తీశారు.

"ఎవరికి నొప్పి?" అన్నారు మావారు.

"చెల్లెమ్మకండీ. పిండి కలిపితే లాగేత్తంది కదా! మీరు ఫోన్ చూసుకుంటా తింటారనీ, కూరెలా ఉందో ఒక్క మాటా అనరనీ కూడా బెంగండీ ఆవిడకి."

మావారు నా చేతిని కొత్తగా కొన్న వస్తువులా చూశారు. పెద్దాయన భార్య మాత్రం నవ్వింది.

"మీరు నయం బాబూ. మా ఇంట్లో నేను వండింది తింటా, ఈవిడగారి కూర బాగుందని రాత్తారు."

వచ్చినవాళ్లకు అన్నం పెట్టక తప్పుతుందా? తిన్నాక ఆయన మా పొయ్యి పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు.

"మిగతావాళ్లూ వత్తామంటున్నారమ్మా. వచ్చే ఆదివారం కైకలూరు వాళ్లు బయల్దేరతారంట."

నేను ఈసారి నిజంగానే చేతులు జోడించాను. "వద్దండీ. లైవ్‌లో మాట్లాడుకుందాం. ఇంటికి మాత్రం వద్దండీ."

"అదేంటమ్మా? ఇంటి మనుషులని మీరే అన్నారు కదా."

"అది సభ్యత్వం పేరండీ."

"పేరేనాండీ?" అన్నారాయన. నాతో అంతవరకు లేని 'అండీ' అది. నేను తలొంచుకున్నాను. ఆయన భార్యే లేచింది.

"పదండి. పేరు చూసి కట్టారు, ఇల్లు చూసేశారు. ఇంక మన ఇల్లు కూడా ఓసారి చూద్దురుగాని."

ఆ వారమే పేరు మార్చి 'రెండో రకం' అని పెట్టాను. కిటికీకి తెర కట్టాను. లైవ్‌లో పప్పు గురించే మాట్లాడితే చాలామంది వెళ్లిపోయారు. పెద్దాయన మాత్రం పూర్తిగా మానలేదు, మామూలు సభ్యత్వానికి దిగారు. ఇప్పుడు ఉప్పెంత, నీళ్లెన్ని అని మాత్రమే అడుగుతారు. చెల్లెమ్మ పోయి మేడమ్ అయ్యాను. కోరుకున్నదే అయినా, ఆ మాట చదివినప్పుడల్లా చివుక్కుమంటుంది.

తరువాత మావారు కొట్టు మూసి మరీ నన్ను ఏలూరులో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. దారిలో కారు నడుపుతూ అడిగారు.

"వాళ్లకింకా ఏం చెప్పావు?"

"ఏముంటాయండీ."

"ఉన్నవే నాకూ చెప్పు."

చాలానే ఉన్నాయి. గొంతు సవరించుకుని నోరు తెరిచాను. "నమస్కారమండీ, అందరూ బాగున్నారా?" అని లైవ్ మొదలుపెట్టే మాటే వచ్చింది.

మావారు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "బాగున్నామండీ," అన్నారు.