వాటాకు మేపిన గొర్రెల కేసు

మా నాయన ఎస్సైగా చేరి, సర్కిల్ ఇన్‌స్పెక్టరై, ఇప్పుడు డీఎస్పీగా ఉన్నాడు. ఆయన చేసిన స్టేషన్లు, పెద్ద కేసులు, అందుకున్న ప్రశంసాపత్రాలు వరుసగా రాసిపెట్టడం నాకు అలవాటు. ఇంజనీరింగ్ చదివినవాడి జబ్బు అంటుంది అమ్మ. వాటిలో నాకు ఎక్కువ గర్వంగా ఉండేది ఆయన పొరపాటు చేసిన కేసు.

అప్పుడాయన సీఐ. డీఎస్పీ ప్రమోషన్ల జాబితా తయారవుతోంది. అర్ధవీడు వైపు ఒక పల్లెలో ఎనిమిది గొర్రెలు పోయాయని ఫిర్యాదు వచ్చింది. ఎస్సై సెలవులో ఉండడంతో నాయనే వెళ్లాడు. ఒక ముసలి కాపరి మందలో, ఫిర్యాదు చేసినవాళ్ల చెవికోత గుర్తుతో ఎనిమిదీ దొరికాయి. అవి తనకు వాటాకు ఇచ్చినవని కాపరి చెప్పాడు. కాయితం చూపించమన్నాడు నాయన. లేదు. ఊరంతా చూస్తుండగా ఆయన్ని జీపెక్కించాడు.

సాయంత్రం హైదరాబాదు నుంచి గొర్రెల యజమాని ఫోన్ చేశాడు. కూలికి వలసపోతూ తానే వాటిని అప్పగించానని, పుట్టే పిల్లల్లో సగం కాపరివని, సంగతి తెలియక తమ్ముడు ఫిర్యాదు చేశాడని చెప్పాడు. మా వైపు ఈ ఒప్పందానికి కాయితాలుండవు, నోటిమాటే. మా తాత కూడా అట్లా మేపినవాడే. అందరికన్నా ముందు నాయనకే తట్టవలసింది.

కాపరిని వెంటనే ఇంటికి పంపించాడు. అయినా రెండు రోజుల్లో ముగ్గురు ఊరివాళ్లు తాము వాటాకిచ్చిన గొర్రెలను ఆయన మందలోంచి తోలుకుపోయారు. అది తెలిశాక నాయన తన పొరపాటును కేసు డైరీలో రాస్తానని, ఊళ్లో కూడా చెప్తానని అన్నాడు. తోటి సీఐ ఇంటికొచ్చి వద్దన్నాడు. జాబితా వచ్చేదాకా ఆగమన్నాడు.

"మనిషిని వదిలేసినావు కదన్నా, ఇంక రాసేదేంది?"

"జీపెక్కించింది ఊరంతా చూసినారు. వదిలింది ఎవరు చూసినారు?" అన్నాడు నాయన.

రాశాడు. ఆ ఆదివారం నన్నూ వెంటబెట్టుకుని పల్లెకు వెళ్లాడు. పొద్దున పాలు పోయడానికి జనం చేరే చోట, యూనిఫాంలో నిలబడి, తప్పు తనదని, కాపరి దొంగ కాదని చెప్పాడు. జనంలో ఉన్న ముసలాయనే ముందుగా అందుకున్నాడు.

"ఎనిమిది గొర్రెల చెవులు తిప్పి తిప్పి చూసినావు సార్. హైదరాబాదుకు ఒక్క ఫోన్ కొట్టింటే పోయేది."

"నిజమే మామా. మా నాయన బతికుంటే కట్టె తీసుకునేవాడు."

అందరూ నవ్వారు, ముసలాయన తప్ప. ఆయన గొర్రెలు తోలుకుపోయిన ఆ ముగ్గురి వైపే చూస్తున్నాడు. వాళ్లలో ఇద్దరు ఆ వారంలోనే గొర్రెలను తిరిగి ఆయన మందలో కలిపారు. మూడోవాడు కలపలేదు.

నెల తిరక్కుండా జాబితా వచ్చింది. నాయన పేరు లేదు. డైరీలో రాసినందుకేనని నేను గట్టిగా అన్నాను. నిరూపించగలవా అని అడిగాడు. లేనన్నాను.

"అట్లయితే ఆ మాట అనొద్దు" అని, బూట్లు వేసుకుని స్టేషనుకు వెళ్లిపోయాడు.