మణికట్టు మీద సవతి

ఆ గడియారాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను మంచిదాన్ననుకుని ఎవరూ మోసపోకూడదు. నల్లటి రబ్బరు పట్టీ, అగ్గిపెట్టె కన్నా చిన్న ముఖం. బుకిర్వా ఎడమ మణికట్టు మీద కూర్చుని, అవసరం వచ్చినప్పుడల్లా చప్పుడు లేకుండా ఒక్కసారి వణుకుతుంది. బుకిర్వా దాని వంక చూసుకుని, లేచి, చేయాల్సిన పని చేసుకుపోతుంది. అంతకుముందు ఆ పని నాది.

బుకిర్వా, నేను ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. ఇప్పుడు కంపాలాలో, వాండెగెయా పేటలో చపాతీ బండ్ల ఎదురు మేడ మీద, ఒకే సర్వే ఆఫీసులో పనిచేస్తున్నాం. బుకిర్వా పల్లెల్లోకి వెళ్ళి భూములు కొలిచే సర్వేయరు. అది తెచ్చిన కొలతల్ని నేను ఆఫీసులో కూర్చుని పటాలుగా గీస్తాను. పనిలో దానికి వంక పెట్టలేం. అరటితోటల్లో ఎప్పుడో తాతల నాడు పాతిన సరిహద్దు రాయిని వెతకడం మొదలుపెడితే దానికి తిండీ నీళ్ళూ గుర్తుండవు. వాటితో పాటు కారు తాళాలు, ఫోను, గొడుగు, ఎవరికి ఏం మాటిచ్చిందో కూడా గుర్తుండవు. ఒకసారి మూడు కాళ్ళ స్టాండు మాత్రం బండిలో వేసుకుని, దాని మీద పెట్టాల్సిన యంత్రాన్ని ఆఫీసులో వదిలేసి ఎంటెబ్బె దాకా వెళ్ళిపోయింది. ఇంకోసారి సొంత మేనకోడలి బాప్టిజానికి, జనమంతా భోజనాలు చేసి చేతులు కడుక్కుంటుంటే చేరింది.

ఇవన్నీ సర్దుకొచ్చింది ఎవరనుకున్నారు? నేనే. మెట్ల మీంచి, కిటికీలోంచి, మీటింగు మధ్యలోంచి "బుకిర్వా, తాళాలు", "బుకిర్వా, నీ టోపీ", "బుకిర్వా, ఈ రోజు కోర్టులో సాక్ష్యం చెప్పాలి, మర్చిపోయావా" అని కేకలేసేదాన్ని. అందరూ నవ్వేవారు. అదీ నవ్వేది. "బుకిర్వమ్మకి బుర్ర లేదని ఎవరన్నారు? ఉంది, కాకపోతే నజ్జుకమ్మ దగ్గర దాచుకుంది" అనేవాడు మా డ్రైవరు డుంగు, నన్ను చూపిస్తూ. ఆ మాట వింటే నాకు కడుపు నిండిపోయేది.

పోయిన వానల కాలంలో అది ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చింది. నాతో మాట మాత్రం అనకుండా వెళ్ళింది. వచ్చి నా బల్ల మీద కూర్చుని, "నాకో పేరు దొరికిందే" అంది.

"ఉన్న పేరు చాల్లేదా?"

"ఏడీహెచ్‌డీ అంట. పుట్టినప్పట్నించీ ఉందంట. మనసు ఒకచోట నిలవదు, నిలిచిందంటే ఇంక కదలదు. బద్ధకం కాదంట, పొగరు కాదంట. నా మెదడు తీరే అంతంట." అంటూనే ఏడ్చేసింది. నలభైకి దగ్గరపడ్డ మనిషి. "చిన్నప్పుడు తిన్న దెబ్బలన్నీ ఊరికే తిన్నానే" అంది.

దాని వీపు నిమిరాను. నిమురుతూ నేను అనుకున్నది ఇంకొకటి. ఇన్నేళ్ళు దీన్ని కనిపెట్టుకుని ఉన్నది నేనైతే, దీని గురించి ముందు తెలిసింది ఎవరో డాక్టరమ్మకా అనుకున్నాను.

అక్కణ్ణుంచి ఒకటొకటే వచ్చాయి. పొద్దున ఒక మాత్ర వచ్చింది. మణికట్టుకి ఆ గడియారం వచ్చింది. శనివారం శనివారం కూడే ఒక గుంపు కూడా వచ్చింది. అందులో ఒక లాయరు, ఒక నర్సు, బ్యాంకులో చేసే ఒకాయన, అందరూ ఇలాంటివాళ్ళే. నెల తిరక్కుండానే బుకిర్వా వాళ్ళని "మావాళ్ళు" అనడం మొదలుపెట్టింది. మావాళ్ళట. మరి నేనెవరిదాన్ని?

"వాళ్ళతో అంత మాట్లాడేదేముందే?" అని అడిగాను.

"ఏముంటుంది, టీ తాగుతూ ఎవరేం మర్చిపోయారో చెప్పుకుని నవ్వుకుంటాం."

"అదేదో నాతోనే చెప్పుకోవచ్చుగా."

"నీకు అన్నీ తెలుసు కదే" అంది, నా వంక చూడకుండా.

ఆఫీసులో నా బతుకు ఎలా అయిందంటే, నేను "బుకిర్వా, తా" అనేలోపే అది తాళాలు చేతిలో ఆడించుకుంటూ మెట్లు దిగేది. నా నోరు తెరిచింది తెరిచినట్టే ఉండేది. డుంగు అది చూసి, "ఏం నజ్జుకమ్మా, చిన్నావిడ వచ్చి పెత్తనం లాగేసుకున్నట్టుందే? అదీ మణికట్టెక్కి కూర్చుంది" అన్నాడు. ఆఫీసంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను, పళ్ళు కొరుక్కుంటూ.

అలాంటి రోజుల్లో మతుగ్గా అనే ఊరి దగ్గర ఒక పని వచ్చింది. ఒక హెడ్మాస్టరు కొన్న భూమికి సరిహద్దులు తెరవాలి. అది సాఫీగా జరిగితే బుకిర్వాని ఫీల్డు మొత్తానికి పెద్దని చేస్తానని మా బాసు అన్నాడు. సరిహద్దు తెరవడం అంటే, పాత రాళ్ళు తవ్వి చూపించడం, మా దగ్గర చిన్న విషయం కాదు. చుట్టూ ఉన్న భూములవాళ్ళు ఒక్కరు మిగలకుండా రావాలి, పల్లె చైర్మన్ రావాలి, తవ్వి తీసిన రాయిని అందరూ కళ్ళారా చూడాలి. ఒక్కరిని పిలవకపోయినా రాళ్ళు జరిపారంటారు, కత్తులు బయటికొస్తాయి, ఆ సర్వేయర్ని మళ్ళీ ఆ పల్లెలో అడుగు పెట్టనివ్వరు.

ముందు రోజు సాయంత్రం, "ఎవరెవరికి ఫోన్ చేశావే?" అని అడిగాను.

"చైర్మన్‌కి, హెడ్మాస్టరుకి, కాఫీ తోట అన్నదమ్ములకి" అంది.

లోయ వైపు భూమి నాలోంగోది. కవలల్ని కన్న తల్లి కాబట్టి ఊరంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తుంది. పటం గీసింది నేనే కదా, నాకు తెలియకపోవడమేమిటి? ఆవిడ పేరు బుకిర్వా నోట రాలేదు. నాలుక చివరిదాకా వచ్చింది కేక. ఆపుకున్నాను. చెప్పనీ, ఆ గడియారాన్నే చెప్పనీ అనుకున్నాను. దాని చెడు కోరలేదు, ఒట్టు. పొద్దున్నే నాలోంగోని నేనే తీసుకెళ్ళి, అందరి ముందూ చెయ్యి పట్టుకుని బండి దింపాలనుకున్నాను. "నజ్జుకో లేకపోతే ఏమయ్యేదో" అని నలుగురూ అంటే చాలు నాకు.

మర్నాడు మా అన్న కారు అడిగి తీసుకుని, ఆ భూమికి దూరంగా ఉండే ఆవిడ ఇంటికి వెళ్ళాను. నాలోంగో అప్పటికే పండగలకి వేసుకునే గోమెసి గౌను తొడుక్కుని, నడుముకి పట్టు గుడ్డ బిగించుకుని, అరుగు మీద చాప వేసుక్కూర్చుంది. పెద్దవాళ్ళ ముందు మా పద్ధతి ప్రకారం నేను మోకాళ్ళ మీద కూర్చుని పలకరింపులన్నీ పూర్తి చేశాక, "ఆఫీసు బండేనా?" అంది.

"ఆఫీసు బండేనమ్మా."

"పెందలాడే వచ్చావు. మంచిదేలే" అని తలుపుకి తాళం వేసింది.

పిలవని మనిషి అంత ముస్తాబై ఎందుకు కూర్చుందో నాకు తట్టనే లేదు. పైగా ఆవిడ దార్లో చెల్లెల్ని పలకరించాలంది. తర్వాత నిప్పుల మీద కాల్చిన గోంజా అరటిపళ్ళు కావాలంది. పెద్దావిడ, కాదనలేం. చెల్లెలుగారింట్లో టీ తాగకుండా కదలనివ్వలేదు. మేం చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

అవకాడో చెట్టు కింద జనమంతా లేచి నిలబడి ఉన్నారు. నేను ముందుగా దిగి, అందరికీ వినపడేలా, "కంగారు పడకండి. మా బుకిర్వా మర్చిపోయినా నేను మర్చిపోలేదు. నాలోంగోని తీసుకొచ్చాను" అన్నాను.

ఒక్కరూ నవ్వలేదు. కాఫీ తోట అన్నదమ్ములిద్దరి చేతుల్లోనూ కత్తులున్నాయి. డుంగు ముఖం పాలిపోయి ఉంది.

"మర్చిపోవడమేంటమ్మాయ్?" అన్నాడు చైర్మన్. "ఆవిడకి ఫోను లేదని సర్వేయరమ్మ ఆదివారం తనే వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని పిలిచొచ్చింది. పొద్దున్న బండి పంపింది. చూస్తే ఇంటికి తాళం. ముసలిదాన్ని దాచేసి భూమి మింగుతారా అని వీళ్ళు కత్తులు తీశారు. ఇంతసేపూ సర్వేయరమ్మ ఒక్కతే వీళ్ళకి అడ్డం నిలబడింది."

"ఈ పిల్ల ఆఫీసు బండే అంది మరి" అంది నాలోంగో, గోంజా కొరుకుతూ.

బుకిర్వా నా పక్కనుంచి వెళ్ళి నాలోంగో ముందు మోకాళ్ళ మీద కూర్చుని పలకరించింది, అన్నదమ్ములకి దణ్ణం పెట్టింది, పని మొదలుపెట్టింది. రాళ్ళన్నీ దొరికాయి. లోయ వైపు రాయి బయటపడినప్పుడు నాలోంగో గొంతెత్తి సంతోషంగా కూత పెట్టింది. హెడ్మాస్టరుగారింట్లో ఉడికించిన అరటికాయ మటోకే, పల్లీల పులుసు పెట్టారు.

చేతులు కడుక్కునే చోట బుకిర్వా నా పక్కకి వచ్చింది.

"నేను మర్చిపోయాననే అనుకున్నావా?"

"అనుకున్నాను."

"మరి నిన్న సాయంత్రం నా ఒక్కదానికే చెప్పొచ్చు కదే. మనిద్దరమే ఉన్నాం."

నేను కడిగిన చేతులే మళ్ళీ కడుక్కున్నాను. ఇంతలో గడియారం వణికింది. అది చూసుకుని సీసా తీసి నీళ్ళు తాగింది.

"ఏమంటోంది?" అన్నాను.

"నీళ్ళు తాగమంటోంది."

"అది నేను చెప్పేదాన్ని కదే."

"చెప్పేదానివి" అంది. "ఇది నాకొక్కదానికే చెబుతుందే, నజ్జుకో. నువ్వు అందరికీ చెబుతావు."

కోపంగా అని ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. అది మామూలుగా అంది, నీళ్ళ సీసా మూత పెట్టుకుంటూ.

బుకిర్వా ఇప్పుడు ఫీల్డు మొత్తానికి పెద్ద. మొన్న కొలతలకి మిట్యానా వెళ్ళే రోజున అందరూ మెట్ల మీద నిలబడ్డారు, బాసు కూడా ఉన్నాడు. డుంగు బండి స్టార్ట్ చేశాడు. నేను వెనక్కి తిరిగితే, యంత్రం బ్యాటరీ చార్జింగులోనే ఉంది. దాని గురించి గడియారానికి ఎవరూ చెప్పినట్టు లేదు. "బుకిర్వా" అనే కేక గొంతులోకి వచ్చి కూర్చుంది. మింగేశాను. బ్యాటరీని శాలువాలో చుట్టుకుని వెనక మెట్ల మీదుగా దిగి, బండి వెనక తలుపు తీసి, స్టాండు పక్కన పెట్టి, పైకి వచ్చేశాను. ఎవరూ చూడలేదు.

సాయంత్రం బుకిర్వా బురద కాళ్ళతోనే నా బల్ల దగ్గరికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "ఈ రోజు ఒక్కటంటే ఒక్కటి మర్చిపోలేదే. బ్యాటరీ తీసుకున్నట్టు నాకే గుర్తులేదు, చూస్తే బండిలో ఉంది" అని, ఆ మణికట్టు ఎత్తి, గడియారాన్ని ముద్దు పెట్టుకుంది.

"మంచి గడియారమే" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

అసలు సంగతి దానికి ఇంతవరకూ తెలియదు. మీరు చెప్పకండి.