దీక్షితుల వారికి బ్యాండు మేళం

మచ్చ బొల్లారంలో పెళ్లి కుదిరితే ముందు ఫంక్షన్ హాలు చూసుకుంటారు, ఆ తర్వాత యాకోబుకు ఫోను చేస్తారు. ఆయన నలభై ఏళ్లుగా బ్యాండులో క్లారినెట్ వాయిస్తున్నాడు. ఎర్రకోటు భుజాల మీద జరీ ఊడిపోతే భార్య ఎలీషమ్మ మూడుసార్లు కుట్టింది. నాలుగోసారి మాత్రం, ఇక కుట్లు వేయాల్సింది కోటుకు కాదు, నీకే అంది.

ఆయనకు క్లారినెట్ నేర్పింది బాపే, అంటే కన్నతండ్రి. ఆయనది కంటోన్మెంటు బ్యాండు. ఆయన నేర్పిన వాటిలో దొరల కాలం నాటి బాణీ ఒకటుండేది. అది నిదానంగా, అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తుంది. ఒకసారి అల్వాల్ పెళ్లిలో భోజనాల వేళ యాకోబు ఊరికే దాన్ని వాయిస్తుంటే, ఓ ముసలి వయొలిన్ మాస్టారు విస్తరి ముందు నుంచి ఎంగిలి చేత్తోనే లేచి వచ్చాడు. ఇది ముత్తుస్వామి దీక్షితుల వారి పాట, నీకెలా వచ్చని అడిగాడు. మద్రాసు కోటలో కంపెనీ వాళ్ల బ్యాండు వినీ వినీ, ఆ బాణీలు నచ్చి, దీక్షితులు వాటి మీద సంస్కృతంలో దేవుడి పాటలు కట్టారట. అలాంటివి మరో ఆరు ఆ మాస్టారే ఇంటికి పిలిచి నేర్పాడు.

"అంత పెద్ద సంగీతమోళ్లల్ల బ్యాండోళ్ల పాట ఆగి ఇన్నది గాయనొక్కడే" అని యాకోబు అప్పటి నుంచి అందరికీ చెప్పుకునేవాడు.

దీక్షితులు పుట్టి రెండు వందల యాభై ఏళ్లు నిండాయని శామీర్‌పేట దగ్గర ఒక కాలనీ సంఘం ఉత్సవం తలపెట్టింది. పటాన్ని గేటు నుంచి హాలు దాకా ఊరేగించాలని కార్యదర్శి బుల్లిబాబు బ్యాండు మాట్లాడాడు. అదే పొద్దున అలియాబాద్‌లో ఒప్పుకున్న పెళ్లిని యాకోబు వేరే మేళానికి వదిలేశాడు. ఆయనకు కావలసింది ఒక్కటే. ఆ పాటను ఆ పటం ముందు ఒక్కసారి వాయించాలి.

తీన్మార్ తప్ప మరోటి తెలియని డ్రమ్ము బాలేష్ చేత నిదానంగా కొట్టించడానికి రెండు వారాలు పట్టింది. "అన్నా, గిట్ల కొడితే పెండ్లిపిలగాడు మండపం శేరేసరికి ముసలోడైతడు" అని బాలేష్ గొణిగాడు.

తీరా ఆ రోజు పటం పెట్టిన పూలబండి కదిలి పది అడుగులు వేసిందో లేదో, బుల్లిబాబు చెయ్యెత్తి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమయ్యా, దీక్షితుల వారి ముందు మీ చర్చి పాటలేంటి?"

"చర్చి పాట గాదు సారూ. గాయన కట్టిందే."

"ఆయన ఏం కట్టారో నువ్వా నాకు చెప్పేది? సినిమా భక్తి పాట ఏదైనా ఉంటే వాయించు. లేకపోతే ఊరికే నడవండి."

బుల్లిబాబు పాట వినలేదు. యాకోబు అన్న పేరు విన్నాడు, అంతే. ఎనిమిది మంది బ్యాండువాళ్లు నోళ్లు మూసుకుని హాలు దాకా నడిచారు. శవం వెనకైనా ఇంతకంటే చప్పుడుంటుంది.

వాళ్లు గేటు పక్కన కోట్లు విప్పి సర్దుకుంటుంటే, మైకులో సంగీతం టీచరు పార్వతీదేవి శిష్యురాళ్లు పాట ఎత్తుకున్నారు. అదే బాణీ. అన్నా, ఇది మనదే కదా అన్నాడు బాలేష్. యాకోబు కోటు మళ్లీ తొడుక్కుని లోపలికి వెళ్లాడు. పాట పూర్తయ్యేదాకా కుర్చీల మధ్య దారిలో నిలబడ్డాడు. చప్పట్లు అందరికంటే గట్టిగా కొట్టింది బుల్లిబాబే.

"సారూ, గిది ఏ చర్చి పాట?" అని యాకోబు అడిగాడు.

ఏమైందని పార్వతీదేవి వేదిక మీద నుంచి అడిగితే, యాకోబు రెండు మాటల్లో చెప్పాడు. ఈ పాటకు మూలం బ్యాండేనండీ, ఆయన చెప్పేది నిజమే అని ఆమె మైకులోనే అంది. బుల్లిబాబు సంఘాల వాళ్లకు తెలిసిన పనే చేశాడు. బల్ల మీది దొంతరలోంచి శాలువా ఒకటి లాగి కప్పబోయాడు.

యాకోబు చెయ్యి అడ్డం పెట్టాడు. "శాలువ ఒద్దు సారూ. పటం మల్ల బండెక్కియ్యుండ్రి. గేటు కాడికెల్లి మల్ల ఊరేగింపు తీద్దాం."

దీపం వెలిగించాక పటం కదపకూడదన్నాడు బుల్లిబాబు. అతిథి ప్రసంగం మిగిలే ఉందన్నాడు, భోజనాలు చల్లారిపోతున్నాయన్నాడు. రెండు వందల కుర్చీల్లో ఒక్కరూ లేవలేదు. పార్వతీదేవి తంబూర సర్దుకుంటూ తల వంచుకుంది.

యాకోబు బయటికొచ్చి అందరినీ కోట్లు వేసుకోమన్నాడు. బండి లేదు, పటం లేదు. గేటు నుంచి కరీంనగర్ రోడ్డు దాకా అదే పాట వాయిస్తూ నడిచారు. బాలేష్ దెబ్బ ఎక్కడా తొణకలేదు. రోడ్డు మీద వాళ్ల వెనక బస్సు ఆగిపోయి, డ్రైవరు తల బయట పెట్టాడు.

"ఎవల పెండ్లే పెద్దాయినా? పిలగాడేడి?"

"పెండ్లి గాదు బిడ్డా. ఒకాయన పుట్టి రెండు నూర్ల యాభై ఏండ్లయింది."

"మరి ఆయనేడి?"

"లోపట వెట్టి తలుపేస్కున్నరు" అని యాకోబు మళ్లీ క్లారినెట్ అందుకున్నాడు.